రోమియో, జూలియట్ చావుకు ముద్దాయి ఎవరు? నల్లగొండలో నడిచిన ఒక మాక్ కోర్టు కేసు

షేక్స్‌పియర్ నాటకం 'రోమియో అండ్ జూలియట్' ఒక కేసు అనుకోండి. ఈ కేసులో చనిపోయింది ఇద్దరని అందరూ అంటారు. ఫైలు తెరిస్తే ఆరుగురు. రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, జూలియట్ మేనత్త-మేనమామల వైపు అన్న వరస టిబాల్ట్, జూలియట్‌ను చేసుకుంటానని వచ్చిన పారిస్, రోమియో, జూలియట్, ఆ తర్వాత కొడుకును ఊరి నుంచి వెళ్లగొట్టారన్న దిగులుతో పోయిన రోమియో తల్లి. ఆదివారం పొద్దున బజారులో కొట్లాటతో మొదలై, గురువారం తెల్లారేసరికి అంతా అయిపోయింది. నేను నల్లగొండ కోర్టులో క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసే వకీలును. ఇట్లాంటి కేసు డైరీ చేతికొస్తే నేను మొదట వెతికేది ఒక్కటే: ఎవరెవరికి ముందే తెలుసు, తెలిసి ఏం చేశారు.

పట్టణంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే మేడమ్ పిలిస్తే ఈ కేసు నా ముందుకు వచ్చింది. "అన్నా, పిల్లలు గైడ్ చూసి 'విధి వల్ల చనిపోయారు' అని రాసి చేతులు దులుపుకుంటున్నారు. ఒక కోర్టు పెడదాం, జడ్జిగా మీరు కూర్చోండి" అన్నది. బి.ఏ., బి.కాం. పిల్లలు. నాటకాన్ని ఇంగ్లిష్‌లో చదివారు, వాదన తెలుగులో. సెమినార్ హాల్లో రెండు టేబుళ్లు కలిపి బెంచీ చేశారు, బోను కోసం ల్యాబ్ నుంచి ఒక స్టాండు తెచ్చారు.

రూల్సు నేనే పెట్టాను. సాక్ష్యం నాటకంలో ఉన్న మాటలే. సినిమాల్లో చూసింది, యూట్యూబులో విన్నది చెల్లదు. సంఘటనలు ఇటలీలోని వెరోనావి, చట్టం మనది. అంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, దాంతోపాటు అవసరమైన మిగతా చట్టాలు. వెరోనా నల్లగొండ టూటౌన్ పరిధిలోకి ఎట్లా వస్తుందని డిఫెన్స్ పిల్లలు లేవగానే అభ్యంతరం పెట్టారు. కొట్టేశాను. ఇంకో రూలు కూడా పెట్టాను, మిర్యాలగూడ కేసు ఎత్తొద్దని. ఎందుకు పెట్టానో, అది ఎంతవరకు నిలిచిందో తర్వాత చెప్తాను.

రోజులవారీగా జరిగింది

బోర్డు మీద టైమ్‌లైన్ రాసే పని ఒక బి.కాం. అమ్మాయికి ఇచ్చారు. క్యాష్ బుక్ రాసినంత శ్రద్ధగా రాసింది. ఆదివారం పొద్దున పగబట్టిన రెండిళ్ల (జూలియట్ వాళ్ల కాపులెట్ ఇల్లు, రోమియో వాళ్ల మాంటేగ్ ఇల్లు) నౌకర్లు బజారులో కత్తులు దూస్తారు. ఇది మూడో కొట్లాట అని వెరోనా ప్రభువే అంటాడు. ఆ రాత్రి కాపులెట్ ఇంట్లో విందు. పిలుపుల జాబితా పట్టుకుని తిరిగే నౌకరుకు చదువు రాదు. చదివి పెట్టమని వాడు అడిగింది రోమియోను. అట్లా రోమియో ఆ విందుకు పోయి జూలియట్‌ను చూస్తాడు. (ఆ నౌకరుకు అక్షరం ముక్క వచ్చి ఉంటే కేసే లేదు కదా అని ఒకడు అన్నాడు. నవ్వుకున్నా, నోట్ చేసుకున్నాను.) సోమవారం మధ్యాహ్నం రోమియో, జూలియట్‌ల రహస్య పెళ్లి. గంట తిరగకముందే టిబాల్ట్ చేతిలో మెర్క్యూషియో, రోమియో చేతిలో టిబాల్ట్. రోమియోకు ఊరి బహిష్కరణ. అదే రాత్రి కాపులెట్ తన కూతురిని పారిస్‌కిచ్చి గురువారం పెళ్లని ఖాయం చేస్తాడు. మంగళవారం తెల్లవారుజామున రోమియో మాంటువా అనే ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. జూలియట్ పెళ్లి వద్దంటుంది, తండ్రి తిట్లు తింటుంది, ఆ రహస్య పెళ్లి చేసిన మతగురువు ఫ్రయర్ లారెన్స్ దగ్గరికి పోతుంది. చచ్చినట్టు కనిపించేలా చేసే మత్తుమందు తీసుకుని ఇంటికొచ్చి నాన్నా తప్పైపోయిందంటుంది. ఆ సంతోషంలో కాపులెట్ పెళ్లిని గురువారం నుంచి బుధవారానికి జరుపుతాడు.

ఈ చివరి ముక్క మీద ఆ అమ్మాయి ఎర్ర చాక్‌పీసుతో గీత గీసింది. ఎందుకని అడిగితే లెక్క చెప్పింది. ఫ్రయర్ చెప్పింది బుధవారం రాత్రి మందు తాగమని. మందు 42 గంటలు పని చేస్తుందన్నాడు. అంటే శుక్రవారం సాయంత్రానికి మెలకువ. పెళ్లి ఒక రోజు ముందుకు రావడంతో జూలియట్ మంగళవారం రాత్రే తాగేసింది. ఇది ఉత్త మత్తేనని రోమియోకు చెప్పే ఉత్తరం మాంటువాకు చేరడానికి ఉన్న గడువులో ఒక రోజు పోయింది. తండ్రికి అల్లుడి మీద ముచ్చట తప్ప ఇంకే దురుద్దేశం లేని ఆ ఒక్క మార్పు మొత్తం పథకాన్ని కూల్చింది.

అక్కడితో ఆగలేదు. మంగళవారం రాత్రి పది గంటలకు తాగిందనుకున్నా 42 గంటలంటే గురువారం సాయంత్రం నాలుగు. కానీ ఆమె లేచింది గురువారం తెల్లవారకముందే. సుమారు 30 గంటలకే. "సార్, బ్యాలెన్స్ ట్యాలీ కావట్లే" అన్నది. నిజమే, ట్యాలీ కాదు. నాటక రచయిత లెక్క తప్పాడా, ఫ్రయర్ మోతాదు తప్పాడా అన్నది మా కోర్టు తేల్చలేదు. కానీ పదమూడేళ్ల పిల్లకు ఒక మందు ఇచ్చి, ఎన్ని గంటలకు లేస్తుందో చెప్పిన మాట కూడా నిలవలేదన్న సంగతి ప్రాసిక్యూషన్ గట్టిగా పట్టుకుంది. జూలియట్‌కు పద్నాలుగు నిండటానికి ఇంకా రెండు వారాల పైచిలుకు ఉందని దాది, జూలియట్ తల్లి మాటల్లో మొదట్లోనే తెలుస్తుంది. రోమియో వయసు నాటకంలో ఎక్కడా లేదు.

ఏ1 (మొదటి ముద్దాయి), కాపులెట్

పిల్లల కోపమంతా ఈయన మీదే. చార్జిషీటులో సెక్షన్ 107 పెట్టారు: మైనర్ ఆత్మహత్యకు ప్రేరేపించడం. పడితే మరణశిక్ష దాకా పోయే సెక్షన్ అది. పీపీగా (పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా) నిలబడ్డ అబ్బాయి దేవరకొండ వైపు వాడు, గొంతు ఉంది. "ఉరేసుకో, అడుక్కో, ఆకలితో బజార్లో పడి చావు అన్నడు సార్, కన్న బిడ్డను. నా చేతులు దురద పెడ్తున్నయ్ అన్నడు. ఇంకేం గావాలె?" అని ఆ సీను మొత్తం చదివాడు. హాలు చప్పుడు లేకుండా విన్నది.

డిఫెన్స్ తరఫున ఒక అమ్మాయి లేచి సుప్రీంకోర్టు తీర్పులు తీసింది. 2001లో రమేశ్ కుమార్ కేసు, 2002లో సంజు కేసు. కోపంలో, ఫలితం కోరకుండా అన్న మాట ప్రేరేపణ కాదని మొదటిది. రెండో కేసులో నిందితుడు అన్నాడని చెప్పిన మాట అచ్చంగా 'పోయి చావు' అన్నదే. గొడవలో అన్న ఆ మాటతో ప్రేరేపణ రుజువైనట్టు కాదన్నది కోర్టు. సెక్షన్ 45 ప్రకారం ఉసిగొల్పడమో, కుట్రలో ఉండటమో, తెలిసి సాయపడటమో ఉండాలి. కాపులెట్‌కు కూతురు చావాలన్న ఉద్దేశం లేదు, ఆమెకు పెళ్లయిన సంగతే తెలియదు. చచ్చిపోయిందని తెలిసినప్పుడు కుప్పకూలాడు.

కాపులెట్‌లో నాకు ముఖ్యంగా కనిపించింది వేరే. ఆదివారం నాడు పారిస్ వచ్చి పిల్లనడిగితే ఈయనే "ఇంకో రెండేళ్లు ఆగు, ఆమె ఇష్టంలో నా మాట ఒక భాగమే" అంటాడు. మంచి తండ్రి మాట. సోమవారం రాత్రికి "నా మాట జవదాటదు" అంటాడు. మధ్యలో జరిగింది టిబాల్ట్ చావు. ఇంట్లో శవం లేచినప్పుడు పరువు నిలబెట్టుకోవడానికి తొందరపడి సంబంధం ఖాయం చేసే తండ్రులను నా ఆఫీసులో చాలామందిని చూశాను. వాళ్లు దుర్మార్గులని చెప్పలేను. కానీ అప్పటిదాకా బిడ్డ ఇష్టం అన్న మనిషి ఒక్క రాత్రిలో బిడ్డను ఇంటి లెక్కలోకి వేసేసుకుంటాడు. 107 కింద శిక్ష వేయలేను గానీ, బాలల న్యాయ చట్టంలో సెక్షన్ 75 ఉంది, పిల్లల మీద క్రూరత్వం, మూడేళ్ల దాకా జైలు. దానికి కాపులెట్ నోటి మాటలే సరిపోతాయి.

ఏ2, ఫ్రయర్ లారెన్స్

కోర్టు టైమంతా ఈయనే తిన్నాడు. క్రాస్ చేసింది ఎక్కువగా మాట్లాడని ఒక బి.ఏ. అమ్మాయి, నాంపల్లి మండలం పిల్ల. ఫ్రయర్ వేషం కట్టినవాడు కాషాయం శాలువా కప్పుకొచ్చి అందరినీ దీవిస్తూ బోనెక్కాడు.

ఆమె మొదటి ప్రశ్న: "రోమియో నిన్న మొన్నటిదాక రోజలిన్ కోసం ఏడ్చిండని మీకు తెల్సు. కుర్రోళ్ల ప్రేమ గుండెల గాదు, కండ్లల్ల ఉంటదని మీరే అన్నరు. మరి అదే రోజు మధ్యాహ్నం పెండ్లెందుకు చేసిండ్రు?"

"రెండిళ్ల పగ తీరుతదని."

"అంటే వాళ్ల కోసం గాదు."

ఫ్రయర్ పాత్రధారికి నాటకంలో ఆ మాట చూపించారు. ఈ పెళ్లికి ఒప్పుకునేది 'ఒక్క కారణానికే' అని, ఆ కారణం రెండిళ్ల వైరం ప్రేమగా మారుతుందన్న ఆశ అని ఫ్రయర్ తన నోటితోనే చెప్తాడు. ఆ అమ్మాయి కాగితం టేబుల్ మీద పెట్టి, "పిల్లలను రాజీ కాగితం చేసిండు సార్" అన్నది. ఎవరూ నేర్పిన మాట కాదు. ఆ రోజు హాల్లో నేను విన్న వాటిలో పదునైన మాట ఇదే.

తర్వాత మంగళవారం. పెళ్లి మాట్లాడుకోవడానికి పారిస్ స్వయంగా ఫ్రయర్ దగ్గరికి వస్తాడు. పారిస్ ప్రభువుకు చుట్టం. ఫ్రయర్ పైకి "గురువారమా, టైము చాలా తక్కువ బాబూ" అంటాడు. లోపల, ఆలస్యం ఎందుకు కావాలో నాకు తెలియకపోతే బాగుండు అనుకుంటాడు. పెళ్లి చేసిన మతగురువు ఆ నిమిషంలో "ఈ పిల్లకు నిన్ననే పెళ్లయింది, చేసింది నేనే" అని ఒక్క మాట చెప్తే గురువారం పెళ్లి ఆగిపోతుంది. కాపులెట్ కోపం ఫ్రయర్ మీద పడుతుంది. ప్రభువు పిలిపిస్తాడు, చర్చిలో పరువు పోతుంది. ఆ ఖర్చు తాను పెట్టుకునే బదులు పదమూడేళ్ల పిల్ల చేతికి సీసా ఇచ్చాడు.

ఉత్తరం సంగతి మీద డిఫెన్స్ గట్టిగా నిలబడింది. ఫ్రయర్ జాన్ ఉత్తరం పట్టుకుని బయల్దేరాడు, తోడు కోసం ఇంకో సాధువును వెతికాడు, ఆ సాధువు జబ్బుపడ్డవాళ్లను చూస్తున్నాడు. ప్లేగు అనుమానంతో తనిఖీవాళ్లు ఆ ఇంటి తలుపులకు సీలు వేశారు. ఉత్తరం కదల్లేదు, తిరిగి పంపుదామంటే అంటుకుంటుందన్న భయంతో ఎవరూ ముట్టుకోలేదు. ఇందులో ఫ్రయర్ చేసిన తప్పేమిటి? లండన్‌లో ఆ నాటకం రావడానికి ముందే, 1592 నుంచి 1594 దాకా ప్లేగు వల్ల నాటకశాలలు మూసేశారు. సీలు వేసిన తలుపు అప్పటి ప్రేక్షకులకు కొత్త కాదు. మా పిల్లలకూ కొత్త కాదు. 2020లో సూర్యాపేటలో వీధులకు కర్రలు అడ్డం కట్టి, ఇంట్లోంచి కాలు బయటపెట్టనివ్వని రోజులు చాలామందికి గుర్తున్నాయి. డిఫెన్స్ మాటకు తలలు ఊగాయి.

అప్పుడు ఆ నాంపల్లి అమ్మాయి పాత పేజీ తిప్పింది. మూడో అంకం, మూడో రంగం. బహిష్కరణ రాత్రి రోమియోను పంపేటప్పుడు ఫ్రయర్ చెప్తాడు: నీ నౌకరును పట్టుకుంటాను, ఇక్కడి సంగతులు ఎప్పటికప్పుడు అతనే నీకు మోసుకొస్తాడు. ఆ నౌకరు బల్తజార్. సీసా పథకం వేసినప్పుడు ఫ్రయర్ ఆ మాట మర్చిపోయి ఫ్రయర్ జాన్‌ను పంపాడు. బల్తజార్‌కు ఏమీ చెప్పలేదు. బల్తజార్ బుధవారం జూలియట్ శవాన్ని సమాధిలో పెట్టడం కళ్లారా చూసి, తన యజమానికి చెప్పాల్సిన బాధ్యత తనదే కాబట్టి గుర్రమెక్కి మాంటువా పోయి చెప్పాడు. రోమియో అడుగుతాడు కూడా, "ఫ్రయర్ నుంచి ఉత్తరాలేమైనా తెచ్చావా" అని. లేదంటాడు. ముందే ఒప్పుకున్న దారిలో తప్పు వార్త పోయింది; కొత్తగా కనిపెట్టిన దారిలో నిజం ఇరుక్కుపోయింది. ప్లేగును ఎవరూ ఆపలేరు. కానీ ఒకే వార్తను రెండు చేతుల మీద పంపడానికి ప్లేగు అడ్డం కాదు. డిఫెన్స్ దగ్గర దీనికి జవాబు లేదు.

చివరి రాత్రి సమాధిలో. జూలియట్ లేస్తుంది, పక్కన రోమియో శవం, పారిస్ శవం. బయట కాపలావాళ్ల చప్పుడు. ఫ్రయర్ ఆమెను రమ్మంటాడు, సన్యాసినుల మఠంలో చేర్పిస్తానంటాడు, ఆమె కదలదు. ఇక నేను ఉండలేనని వెళ్లిపోతాడు. వకీలుగా చెప్పాలంటే, ప్రేమ పెళ్లి కేసుల్లో ఈ ఘట్టం నాకు బాగా తెలుసు. సాక్షిగా సంతకం పెట్టిన స్నేహితుడు, హైదరాబాద్‌లో పెళ్లి చేయించి దగ్గరుండి కారెక్కించిన పెద్దమనిషి, పోలీస్ స్టేషన్‌లో రెండు పక్షాలూ ఎదురుపడ్డ రోజు ఫోన్ స్విచాఫ్ చేస్తారు. మంచివాళ్లే. మంచి చేద్దామనే వచ్చారు. గది వేడెక్కేసరికి వాళ్లుండరు. పిల్లలిద్దరే ఉంటారు.

ఇంత విన్న తర్వాత చట్టం ఫ్రయర్‌కు ఏం వేస్తుంది? నిర్లక్ష్యంతో మరణం కింద సెక్షన్ 106 పెట్టారు. నిలవదు. ఫ్రయర్ పనికీ చావుకీ మధ్య రోమియో సొంత నిర్ణయం, జూలియట్ సొంత నిర్ణయం అడ్డం నిలబడ్డాయి. మిగిలింది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం. పెళ్లి జరిపించిన వ్యక్తికి సెక్షన్ 10 కింద రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. అంతే. "1098కి (పిల్లల హెల్ప్‌లైన్) ఒక్క ఫోన్ కొడితే ఆదివారమే ఖతమయ్యేది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

దాది, మందులమ్మేవాడు

దాది గురించి పెద్దగా రాయను. రాయబారాలు మోసింది, రహస్యం దాచింది, కాపులెట్ కేకలేస్తుంటే "ఇట్లా తిట్టడం మీదే తప్పు దొరా" అని ఒక్కసారి ఎదురు నిలిచింది.  ఆయన నోరు మూయించాడు. మరుక్షణమే రోమియో పోయాడు కదా, పారిస్‌ను చేసుకో బిడ్డా అన్నది. ఆ మాటతో జూలియట్ ఒంటరిదైంది. దాది వేషం వేసిన అమ్మాయి "నేను కూలిదాన్ని సార్, దొర ఎల్లగొడితే ఏడికి పోవాలె" అన్నది. సెక్షన్లు వెతికారు, దొరకలేదు.

మందులమ్మేవాడి కేసు నన్ను ఇబ్బంది పెట్టింది. మాంటువాలో విషం అమ్మితే చావు శిక్ష అని వాడికి తెలుసు. బక్కచిక్కిన మనిషి, దుకాణంలో ఖాళీ డబ్బాలు. రోమియో నలభై డకాట్లు (బంగారు నాణేలు) పెట్టి, బతుకు విసిగినవాడు తాగితే పడిపోవాలి, అట్లాంటిది కావాలంటాడు. అమ్మేవాడు ఒప్పుకునేది పేదరికం కాబట్టి, మనసుతో కాదని చెప్పి ఇస్తాడు. ఇప్పుడు చట్టంతో చూడండి. తెలిసి సాయపడటం: ఉంది. చావు కోసమని కొనేవాడు నోటితో చెప్పాడు: ఉంది. తక్షణ సంబంధం: ఉంది. సెక్షన్ 108 (ఆత్మహత్యకు ప్రేరేపించడం) కింద ఈ కేసులో నికరంగా నిలబడే ముద్దాయి వీడొక్కడే. పదేళ్ల దాకా జైలు. కాపులెట్ కోట, ఫ్రయర్ మఠం, ప్రభువు దర్బారు అన్నీ దాటుకుంటూ వచ్చి చట్టం పట్టుకున్నది ఖాళీ డబ్బాల దుకాణాన్ని. "పేదోడికేనా సార్ శిక్ష" అని హాల్లో గొణుగుడు వచ్చింది. నాకు చెప్పడానికి ఏమీ లేదు, సెక్షన్ చదివి వినిపించాను.

ప్రభువు బైండోవర్

ప్రభువు ఎస్కలస్‌ను పిల్లలు ముద్దాయిల్లో పెట్టలేదు, సాక్షిగా పిలిచారు. నేను ఉన్నంతలో కొంచెం చొరవ తీసుకున్నాను. ఆదివారం కొట్లాట తర్వాత ప్రభువు రెండిళ్ల పెద్దలను విడివిడిగా పిలిపించి, మళ్లీ వీధుల్లో గొడవైతే ప్రాణాలతో చెల్లించాలన్నాడు. తర్వాతి సీనులో కాపులెట్ పారిస్‌తో అంటాడు: నేను ఎట్లా కట్టుబడ్డానో మాంటేగ్ కూడా అట్లాగే కట్టుబడ్డాడు, మా వయసువాళ్లకు శాంతిగా ఉండటం కష్టం కాదులే అని. మన భాషలో ఇది బైండోవర్. నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 126 కింద తహసీల్దారు ముందు చేయించేది. ఎన్నికలప్పుడు, గణేశ్ నిమజ్జనం అప్పుడు మా జిల్లాలో మామూలే. ప్రభువు చేసిన బైండోవర్‌లో లోపం ఏమిటంటే, బాండు రాయించింది ముసలివాళ్లతో. కత్తులున్నది టిబాల్ట్, మెర్క్యూషియోల దగ్గర. మర్నాడు మధ్యాహ్నం బజారులో కత్తి దూసిన వాళ్లలో ఒక్కడితో కూడా బాండు రాయించలేదు. చివరికి ప్రభువు తానే ఒప్పుకుంటాడు, మీ గొడవలు చూసీ చూడనట్టు ఉన్నందుకు నా చుట్టాలిద్దరిని పోగొట్టుకున్నానని. కాపులెట్, మాంటేగ్, ఫ్రయర్ ఎవరూ ప్రభువును ఏమీ అడగరు. ప్రభుత్వ అధికారిని ప్రాసిక్యూట్ చేయాలంటే సెక్షన్ 218 కింద మంజూరు కావాలని పిల్లలకు చెప్పాను. మంజూరు ఇవ్వాల్సింది ఎవరని అడిగారు. ప్రభువే.

ఇంతకుముందే ఉన్న ఒక తీర్పు

ఈ కేసులో ఒక తీర్పు ఇదివరకే వచ్చింది. షేక్స్‌పియర్ కథను తీసుకున్నది ఆర్థర్ బ్రూక్ 1562లో రాసిన పొడవాటి పద్యం నుంచి. అందులో జూలియట్‌కు పదహారేళ్లు, కథ నెలల తరబడి నడుస్తుంది. ముందుమాటలో బ్రూక్ తప్పంతా ప్రేమికుల మీదే తోస్తాడు: పెద్దల మాట వినలేదు, కోరికకు లొంగారు, వాగుడు ఆడవాళ్లతో, మూఢ సాధువులతో మంతనాలాడారు. కథ చివర శిక్షలు కూడా పేరుపేరునా చెప్తాడు. మందులమ్మేవాడికి ఉరి. దాదికి దేశ బహిష్కరణ. నౌకరు యజమాని మాట విన్నాడు కాబట్టి విడుదల. ఫ్రయర్‌ను పాత మంచి పేరు చూసి వదిలేస్తారు, ఆయన ఊరి బయట ఆశ్రమంలో ఐదేళ్లు బతికి పోతాడు. రెండిళ్ల పెద్దలకు ఏమీ లేదు.

ఈ జాబితా బోర్డు మీద రాస్తే హాలంతా ఒక్కసారి అరిచింది, మన తీర్పు కూడా ఇదే కదా అని. దాదాపు అంతే. షేక్స్‌పియర్ దీన్ని చదివాడు, చదివి తీసేశాడు. ఆయన ప్రభువు 'కొందరికి క్షమాపణ, కొందరికి శిక్ష' అని ఊరుకుంటాడు, పేర్లు చెప్పడు. జూలియట్ వయసు పదహారు నుంచి పదమూడుకు దించాడు, నెలలను ఐదు రోజులు చేశాడు. పిల్లలదే తప్పు అనే వీలు లేకుండా చేశాడని నా అభిప్రాయం. ఐదు రోజుల్లో పదమూడేళ్ల పిల్లను దోషి అనాలంటే నోరు రావాలి.

రోమియో తొందరపాటు లేదనను. టిబాల్ట్‌ను, పారిస్‌ను చంపాడు, ఆ రెండూ అతని ఖాతాలోనే పడతాయి. కానీ రెండు ఆత్మహత్యలకు అతన్ని ముద్దాయి చేయడానికి పీపీ కూడా ఇష్టపడలేదు. ఇక్కడ మేడమ్ ఒక మంచి పని చేసింది. వాదన మధ్యలో లేచి, ఇట్లాంటి ఆలోచన ఎవరికి వచ్చినా టెలి మానస్ నంబరు 14416 ఉందని, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చని బోర్డు మూల రాసి వాదన కొనసాగించమన్నది.

మిర్యాలగూడ

నేను పెట్టిన రూలు చివర్లో తెగింది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కన ఉండగానే ఒక యువకుణ్ణి నరికి చంపారు. కులం తక్కువ అల్లుడని మామ చేయించిన హత్య అన్నది ప్రాసిక్యూషన్ కేసు. ఆయన 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు రెండో ముద్దాయికి మరణశిక్ష, ఇంకో ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ హాల్లో కూర్చున్న పిల్లలకు వెరోనా కన్నా అది దగ్గర. అందుకే వద్దన్నాను, ఒక్కసారి ఆ పేరు వస్తే కాపులెట్‌ను ఎవరూ వినరు.

పీపీ అబ్బాయి ముగింపు వాదనలో ఎత్తనే ఎత్తాడు. అభ్యంతరం వచ్చింది, నేను వినదలిచాను. "అక్కడ శిక్ష పడ్డది గద సార్, ఇక్కడెందుకు పడదు?" అన్నాడు. తేడా చెప్పాను. అక్కడ డబ్బు మాట్లాడుకోవడం, మనిషిని పెట్టడం, రెక్కీ, ఫోన్ కాల్సు ఉన్నాయి. చేతి నుంచి వెనక్కి పోతే ఒక మనసు దొరికింది. వెరోనాలో చేతుల నుంచి వెనక్కి పోతే అన్నీ మంచి మనసులే దొరుకుతాయి: అల్లుడి మీద ముచ్చట, ఊరికి శాంతి, బిడ్డ బతకాలన్న ఆరాటం. చంపాలనుకున్న మనిషిని పట్టడానికి మన చట్టం బాగానే పనికొస్తుంది. పెద్దలు తమ లెక్కలు పిల్లల మీదుగా తీర్చుకుంటే పట్టడానికి దాని దగ్గర సెక్షన్ లేదు. రెండో రకం కేసుల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువ.

తీర్పు

మందులమ్మేవాడికి సెక్షన్ 108 కింద శిక్ష. ఫ్రయర్‌కు బాల్యవివాహం కింద. కాపులెట్‌కు పిల్లల మీద క్రూరత్వం కింద, 107 నుంచి విడుదల. దాది నిర్దోషి. ప్రభువు మీద మంజూరు పెండింగ్. అక్కడున్న చాలామందికి ఇది నచ్చలేదు. మేడమ్ చీటీలు పంచి ఎవరిది ఎక్కువ తప్పో రాయమంటే కాపులెట్ మొదట వచ్చాడు, ఫ్రయర్ తర్వాత.

నా చీటీలో ఫ్రయర్ పేరు రాశాను. కాపులెట్‌కు అసలు సంగతి తెలియదు, ప్రభువుకు తెలియదు, మాంటేగ్‌కు తెలియదు. సోమవారం నుంచి అంతా తెలిసి, చెప్పే హోదా ఉండి, చెబితే నమ్మే జనం ఉన్న మనిషి ఆయన ఒక్కడే. చెప్పాల్సిన రోజు సీసా ఇచ్చాడు, ఉండాల్సిన నిమిషం పరుగెత్తాడు, అంతా అయిపోయాక నలభై లైన్లలో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. నువ్వు పుణ్యాత్ముడివని మాకు ఎప్పటి నుంచో తెలుసు అని ప్రభువు ఆయన్ను పంపేశాడు.

మందులమ్మేవాడి తరఫు అమ్మాయి అప్పీలు వేసింది. మూడు పేజీలు, చేతిరాత. ప్రధాన కారణం: కొనేవాడు 'బతుకు విసిగినవాడు తాగితే' అన్నాడే తప్ప 'నేను తాగుతాను' అనలేదు, కాబట్టి ఎవరి కోసమో అమ్మినవాడికి తెలిసిందని రుజువు కాలేదు. రెండో కారణం: అమ్మినందుకు ముద్దాయికి పడాల్సింది లైసెన్సు లేని విషం అమ్మకం కింద తక్కువ శిక్ష మాత్రమే. రెండోది వాదించాలి. మొదటిదానికి ఆ సీనులో రోమియో మాటల్లోనే జవాబుంది, 'నాకు ఇవ్వు' అంటాడు. కానీ 'నాకు ఇవ్వు' అంటే 'నేను తాగడానికి' అనే అర్థమా అని ఆమె రాసిన అరపేజీ మీద హైకోర్టు జడ్జి అయినా కాసేపు ఆగుతాడు. అప్పీలు విచారణకు తీసుకున్నాను. వాదనలు పరీక్షల తర్వాత.